తుప్పు పట్టనియ్యని సాంచా

మా మేనత్తను తలచుకుంటే ముందుగా ఆమె చేతిలోని నూనె గుడ్డే గుర్తొస్తుంది. కరీంనగర్ దగ్గరి చిన్న పట్నంలో ఆమెకు ఒక మరమగ్గం ఉండేది. దాన్ని అక్కడ సాంచా అంటారు. ఆర్డర్లు ఆగిపోయి వీధిలోని సాంచాలన్నీ మూగవోయిన ఏడు కూడా, ఆమె పొద్దున్నే దాన్ని తుడిచి ప్రతి ఇనుప ముక్కకూ నూనె రాసేది.

వానాకాలంలో పైరేకులు కారసాగాయి. ఇరుగుపొరుగు తమ సాంచాలను తూకానికి అమ్మేశారు. పాత ఇనుము కొనే అతను మా గుమ్మంలోనూ నిలబడ్డాడు.

"అక్కా, తుప్పు పట్టినంక ఎవ్వలు కొనరు. ఇప్పుడే ఇచ్చెయ్యరాదు," అన్నాడు.

"పట్టనిస్తే గదా!" అంది అత్త, తుడవడం ఆపకుండానే. "ఉత్త నీళ్లతోని ఏం గాదు, ఉత్త గాలితోని ఏం గాదు. రెండూ ఒక్కతాన తగిలితేనే ఇనుము తుప్పయితది. నేను నూనె రాస్తున్న. అవి నా సాంచాను ఎట్ల ముట్టుకుంటయో చూస్త."

"పనే లేదు గదక్కా, ఎందుకు గింత కష్టం?"

"పని లేకుంటే నేను కూసుంట గని, నా సాంచాను చావనియ్య. నువ్వు పో తమ్మీ."

అతను వెళ్లాక ఆమె కళ్లు తుడుచుకుంది. చెంపకు నూనె మరక అంటింది.

చలికాలంలో ఒకాయన బడిపిల్లల బట్టకు ఆర్డరు పట్టుకుని, నడిచే సాంచా ఉందా అని వీధంతా అడుగుతూ వచ్చాడు. అత్త లోపలికి వెళ్లి స్విచ్చి వేసింది. సాంచా ఒకసారి మూలిగి, టకటకా అందుకుంది. ఆ చప్పుడుకు జనం వచ్చి గుమ్మం నిండా నిలబడ్డారు.

"ఏం చూస్తుండ్రు?" అని అరిచింది అత్త. "నూలు కండెలు తేండ్రి!"