డిస్కస్ చేపలకు ఎర్రనీళ్లు

మొన్న మా ఇంటికి కొత్త డిస్కస్ చేపలు వచ్చాయి. పళ్లెంలా గుండ్రంగా, కుంకుమ రంగులో ఉన్న వాటిని చూసి ముచ్చటపడిన మా కోడలు, పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్లు చేసి దిష్టి తియ్యబోతే, మా ఆవిడ వంటింట్లోంచి ఆపింది. "వద్దమ్మా, మీ మావయ్యగారి అమ్మ ఓపాలి ఇలాగే తిప్పితే సేపలన్నీ సచ్చిపోనాయి." ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

చీపురుపల్లిలో బట్టల కొట్టు పెట్టిన కొత్తలో నాకీ చేపల పిచ్చి పట్టింది. విశాఖపట్నం నుంచి ఓ గాజు తొట్టె, నాలుగు డిస్కస్ పిల్లలూ తెచ్చుకున్నాను. వాటికి ఒళ్లు ఎదగక కళ్లు మాత్రం పెద్దవయ్యాయి, రంగు కూడా మట్టి రంగే, అయినా నా కంటికి అవే మాణిక్యాలు. అమ్మ సాయంత్రం దీపం పెట్టి వచ్చి వాటి ముందు కూర్చుని ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది, అవీ గాజు దగ్గరికొచ్చి బుద్ధిగా వినేవి. విజయనగరం నుంచి వచ్చిన మా అక్క మొగుడు మాత్రం ఒక చూపు చూసి, "తోమని ఇత్తడి పళ్లేల్లాగున్నాయి బామ్మర్దీ" అన్నాడు. మంచి జాతి చేపలు తెచ్చి అతని నోరు మూయించాలని ఆ క్షణమే అనుకున్నాను.

కలకత్తా వెళ్లాను. గుండ్రని ఒళ్లు, చిన్న ఎర్రని కళ్లు ఉన్నవాటిని ఏరుకుని, సంచుల్లో గాలి పట్టించి, పెట్టెకు నా శాలువా కప్పి పసిబిడ్డల్లా రైల్లో తెచ్చాను. కొత్తవాటిని నెల్లాళ్లు వేరే నీళ్లలో ఉంచాలనీ, లేకపోతే ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటుందనీ అమ్మినవాడు మరీమరీ చెప్పాడు. కానీ ఆదివారం బావ వస్తున్నాడు. పెరట్లో ప్లాస్టిక్ తొట్టెలో పెడితే వాటి అందం ఏం తెలుస్తుంది చెప్పండి? తిన్నగా తీసుకెళ్లి పాతవాటితోనే కలిపేశాను.

కొత్తగా గడప తొక్కినవాళ్లకు దిష్టి తియ్యకుండా అమ్మ ఊరుకునేది కాదు. మా వీధిలో కోడలు అడుగుపెట్టినా, బాలింత బిడ్డతో వచ్చినా ఎర్రనీళ్లు తిప్పడానికి అమ్మకే కబురు, ఆవిడ చెయ్యి మంచిదని పేరు. చేపలకూ అలాగే తిప్పింది, తొట్టె మీద మూత ఉంది, నేను పక్కనే నిలబడి నవ్వుతూ చూస్తున్నాను, ఒక్క చుక్క కూడా లోపల పడలేదు.

బావ వచ్చేసరికి చేపలన్నీ నల్లబడి, ఒంటి నిండా జిగురు పట్టి, ఓ మూల గుంపుగా చేరి రొప్పుతున్నాయి. కొత్తవీ పాతవీ అన్నీ పోయాయి. ఏమైందని బావ అడుగుతుంటే నేను నోరు విప్పేలోపే అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ వచ్చింది. "సున్నం సుక్క పడిపోనాదేటిరా? నా సెయ్యే మంచిది కాదు కావాల" అంది.

కాదమ్మా అనడానికి ఎంతసేపు? నేను అన్నదేమిటంటే, "పోనీలే అమ్మా, నువ్వేం కావాలని చేశావా" అని. చెయ్యని తప్పుకు ఆవిడను క్షమించాను! తల్లిని పల్లెత్తు మాట అనలేదు, కొడుకంటే వీడురా అని బావ సైతం నా భుజం తట్టాడు. ఆ మెప్పు నాకు బాగానే ఉంది, అదీ నా సిగ్గులేనితనం.

ఆ తర్వాత అమ్మ తొట్టె వైపు రాలేదు. నా బిడ్డను మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు వీధి వీధంతా పళ్లెం పట్టుకుని పిలిస్తే, చేతులు వెనక్కి పెట్టుకుని, "నా సేత్తో వద్దు, పసిగుడ్డు" అని గోడవారన నిలబడిపోయింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా, చెప్పలేదు. రేపు చెప్దాం, మాపు చెప్దాం అనుకుంటూ ఉండగానే ఆవిడ వెళ్లిపోయింది.

ఇప్పుడు కాలం మారింది. ఫోనులో బొమ్మ చూసి కోరుకుంటే ఎంత మేలు జాతి చేపైనా విమానంలో దిగుతోంది, కొత్తవాటి కోసం నాకు వేరే తొట్టె కూడా ఉంది, నా జాగ్రత్త చూసి నేర్చుకోమని కుర్రాళ్లకు నన్నే చూపిస్తున్నారు. చెయ్యి మంచిదని కబురు పెట్టి పిలిపించుకునే మనుషులే వీధిలో లేరు.

మొన్న అత్తగారి మాట విని మా కోడలు ఆ ఎర్రనీళ్లు పెరట్లోకి తీసుకెళ్లి పారబోసింది. ఆ రోజులాగే, నేను పక్కనే నిలబడి చూస్తున్నాను.