పేరు అంటించని దీవి

గ్లోబులు తయారుచేసే కార్ఖానాలో ఆమెది ఆఖరి బల్ల. దేశాలూ సముద్రాలూ అన్నీ అచ్చయ్యే వస్తాయి. ఒక్క దీవి పేరు మాత్రం ఆమె చేత్తో అంటించాలి. ఇక్కడ అమ్మే గ్లోబు మీద విజయ దీవి, పొరుగు దేశానికి వెళ్లేదాని మీద తల్లి దీవి. మాదంటే మాదని రెండు దేశాలూ జుట్టూ జుట్టూ పట్టుకునే ఆ దీవిలో కాపురముండేది పీతలు. ఇన్నేళ్లలో ఆమె చేతిలో ఒక్క చీటీ తారుమారు కాలేదు. అలాంటి మనిషి ఈమధ్య చీటీలు తలకిందులుగా అంటించి తనలో తనే నవ్వుకుంటోంది. కారణం, సరుకు తీసుకెళ్లడానికి వచ్చే పొరుగు దేశపు లారీ డ్రైవరు.

ఆదివారం అతను తల్లిని వెంటబెట్టుకొని పెళ్లి మాటలకు వచ్చాడు. అమ్మాయి కాళ్లు నేల మీద ఆనడం లేదు. కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది, పాపం అందరూ అలాగే తాగుతున్నారు. అన్నీ కుదిరి, తేదీ ఒక్కటే మిగిలిందనగా ఆమె నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టరు.

"అంతా బాగానే ఉంది గానీ వదినగారూ, విజయ దీవి మాదని ఒక్క మాట అనేయండి. నా మనసు కుదుటపడుతుంది."

"దానికేం అన్నయ్యగారూ, తల్లి దీవి మాదని ముందు మీరనండి," అంటూ ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది.

పెళ్లి కాస్తా పీతల పాలయ్యేలా ఉంది. అమ్మాయి పరుగున లోపలికి వెళ్లి, అత్తగారికి బహుమతిగా ఇద్దామని తెచ్చిన గ్లోబు పట్టుకొచ్చింది.

"ఏ పేరు అంటించాలో తోచక ఖాళీగా వదిలేశాను. మీరిద్దరూ తేల్చి చెప్పండి."

పెద్దవాళ్లిద్దరూ కళ్లజోళ్లు సవరించుకుని వంగారు. పేరు లేకపోయేసరికి దీవి దొరకలేదు. ఇటు తిప్పారు, అటు తిప్పారు, తలలు ఠంగున గుద్దుకున్నాయి. చివరికి మాస్టారు ఏదో సముద్రంలో ఒక చుక్క మీద వేలు పెట్టాడు.

"ఇదిగో. నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

"ఇదే, ఇదే. ఇంత దూరమనుకోలేదు అన్నయ్యగారూ."

"అక్కడిదాకా ఎవరు పోతారమ్మా. తేదీ చూసుకుందామా?"

డ్రైవరు నవ్వాపుకోలేక పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు. అసలు దీవి గ్లోబుకు అవతలి వైపు, దాన్ని పట్టుకున్న అమ్మాయి బొటనవేలి కింద ఉంది. కార్ఖానాలో నలుసంత తప్పు కనబడినా గ్లోబును వెనక్కి పంపే ఆ అమ్మాయే, వేలు కదపకుండా, "అదే నాన్నా," అంది.