రికార్డు మాట ఎక్కడ విరగాలి

మా పెద్దసారు పోయారన్న కబురు మొన్న గురువారం పొద్దున, నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే తెలిసింది. ఆయన అల్లుడు సైకిలు దిగకుండానే "మామ పోయిండన్నా" అన్నాడు. మూడు రోజుల జ్వరమట. యాకుత్‌పురాలో ఆయన ఇంటికీ మా ఇంటికీ నాలుగు గుమ్మాల దూరం. జ్వరమన్న సంగతే నాకు తెలియలేదు.

మా ఆఫీసులో కాగితాలన్నీ ఉర్దూలో నడిచేవి. రాజ్యం మారాక ఇంగ్లీషు వచ్చింది. గుమాస్తాలందరూ మూడు నెలల్లో టైపు పరీక్ష ప్యాసవ్వాలి, లేకపోతే ఇంటికే అన్నారు. మా ఇంటిల్లిపాదికీ నా ఉద్యోగమే ఆధారం. ఆ మూడు నెలలు నాకు అన్నం సహించలేదు. పెద్దసారూ నాలాగే ఉర్దూ గుమాస్తానే గానీ, నిఘంటువు ముందేసుకుని సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్నారు. సాయంత్రాలు తమ వసారాలో నన్నూ కూర్చోబెట్టుకునేవారు.

టైపు మిషన్‌లో వరస అయిపోవస్తుంటే గంట మోగుతుంది. మాట పట్టకపోతే చిన్న గీత పెట్టి విరిచి, మిగతాది కింది వరసలో కొట్టాలి. ఎక్కడ పడితే అక్కడ విరిస్తే తప్పే. ఆ గంట వింటే నా వేళ్లు కొయ్యబారేవి. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి చూపించేవారు.

"మాట పలుకు బిడ్డా. గదవ ఎన్నిసార్లు కిందికి దిగితే గన్ని ముక్కలు."

అసలు ఆయన నాకంటే భయస్తుడు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వచ్చి లాగి చూసేవారు. అధికారి పిలిస్తే ముందు కుండ దగ్గరికెళ్లి నీళ్లు తాగేవారు.

ఇద్దరం ఒకే రోజు పరీక్ష రాశాం. మూడు తప్పుల దాకా మాఫీ. ఆయన సరిగ్గా మూడుతో గట్టెక్కారు. నావి నాలుగు. సారు నా కాగితం తీసి చూసి, "ఇది తప్పెట్లయితది?" అన్నారు. అది రికార్డు అనే మాట. కాగితాల దస్త్రం అన్న అర్థంలో అయితే 'రెక్' దగ్గర విరగాలి, రాసిపెట్టడం అన్న అర్థంలో అయితే 'రి' దగ్గర. పరీక్షలో వచ్చింది దస్త్రమే. నేను విరిచింది సరైన చోటే. అంతలో ఆయన ముఖం పాలిపోయింది.

"నేను రి కాడ ఇరిచిన బిడ్డా."

దానికి ఎవరూ తప్పు వేయలేదు. నాది ఒప్పయితే ఆయనవి నాలుగవుతాయి.

"ఊకోండి సార్. నా నసీబు గట్లుంది" అన్నాను.

మర్నాడు ఆయన నిఘంటువు చంకన పెట్టుకుని అధికారి గది ముందు నిలబడ్డారు. నేను పరుగెత్తాను.

"వద్దు సార్. మీ నౌకరీ పోతది."

"పోతదేమోనని నాకు మస్తు ఫికరుంది. అయినా నిన్ను తప్పని ఎట్లంటా?"

అధికారి మద్రాసు నుంచి వచ్చినాయన. "ఏమండీ, నాకు ఇంగ్లీషు నేర్పుదామనా?" అన్నాడు. సారు నిఘంటువు తెరిచారు. పుటలో మాట మీద వేలు పెట్టారు. చెయ్యి గడ్డం కింద పెట్టుకుని "రెక్... ఆర్డ్" అన్నారు. అధికారి అది చూసి, తన చెయ్యీ గడ్డం కిందికి తీసుకెళ్లాడు. నా కాగితం దిద్దాడు. అప్పుడు సారు తన కాగితం ముందుకు జరిపారు.

"మీరు చెప్పకపోతే ఇది నాకు తెలిసేదే కాదు కదండీ" అన్నాడు అధికారి.

"అవును సార్, తెల్వకపోతుండె."

అధికారి సారును ఇంటికి పంపకుండా, ఆరు నెలల్లో మళ్లీ రాయమన్నాడు. ఈసారి తప్పితే కొలువు లేదన్నాడు. ఆ ఆరు నెలలు నేను చదివి చెబుతుంటే ఆయన టైపు కొట్టేవారు. గంట మోగినప్పుడల్లా ఇద్దరికీ ఊపిరి ఆగేది. నా వల్లే ఆయన ఇల్లు వీధిన పడుతుందేమోనని నాకు నిద్ర పట్టేది కాదు.

సారు ఒక్క తప్పుతో ప్యాసయ్యారు. నమ్మక, ఫలితాల పట్టీలో తన పేరు నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత జామపండ్లు కొని రుమాల్లో మూటకట్టారు. ఎప్పుడూ గోడ వారగా నడిచే మనిషి, ఆ సాయంత్రం మూట ఊపుకుంటూ నడిరోడ్డు మీద నడిచారు. "హటో భాయ్!" అని టాంగావాలా అరిచినా వినిపించుకోలేదు. టాంగాయే పక్కకు తప్పుకుని పోయింది.