చేయి జారింది, ఇంకోసారి

మా ఒగ్న్యెన్‌కి ఉన్నది ఒక్కటే అవలక్షణం. పాటని చివరిదాకా వాయించలేడు. మూడో చరణం దాకా నదిలా నడిపించి, ఒక తప్పు స్వరం దభీమని పడేసి, బేస్ గిటార్ మీంచి చెయ్యెత్తి "చేయి జారింది, ఇంకోసారి" అంటాడు. నీష్ పట్టణంలో మా వీధి పావురాలకి కూడా ఆ మాట కంఠతా వచ్చు.

మా సాధన అయిదంతస్తుల పైన, మేడలో వాళ్ళంతా బట్టలారేసుకునే గదిలో. తడి దుప్పట్లు సగం చప్పుడు తాగేసేవి కనక కింది వాళ్ళు బతికిపోయారు. దుప్పట్లకి ఇవతల డ్రమ్ములతో నేను, నాకెదురుగా ఒగ్న్యెన్. అవతల గిటారుతో మా గాయకుడు రదోమిర్. ఏడు నెలలూ ఒకటే పాట. మూడో చరణంలో దాని తాళం ఏడు దెబ్బల నుంచి నాలుగుకి మళ్ళుతుంది, పెళ్ళి ఊరేగింపులో గంతులేసేవాడి కాళ్ళకి ఉన్నట్టుండి ఇనప బూట్లు తొడిగినట్టు. సరిగ్గా ఆ మలుపు ముందే ఒగ్న్యెన్ చేయి జారేది.

"చేతులకి వెన్న రాసుకొస్తున్నావురా?" అని దుప్పటి వెనక నుంచి రదోమిర్.

"ఇంట్లో ఎక్కువైంది. ఇంకోసారి."

దిండు గలీబులు తీసుకెళ్ళడానికి వచ్చిన పెర్సిదా పిన్ని గుమ్మంలో ఆగేది. "ఇవాళా మూడో చరణంలోనే చచ్చారా? చివర ఏమవుతుందో తెలీక నాకు వంట మీద మనసు నిలవట్లేదర్రా."

"మాకూ తెలీదు పిన్నీ," అనేవాడు ఒగ్న్యెన్.

అతణ్ణి తీసేయలేం. సరిహద్దు అవతల త్రియెస్తే నుంచి తెచ్చిన యాంప్లిఫయరు అతనిది. నన్ను తీసేయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. సైనిక బ్యాండులో డ్రమ్ములు వాయించే రదోమిర్ బావమరిది అప్పుడే ఇంటికొచ్చాడు. పాట రికార్డు చేసుకోడానికి బెల్‌గ్రేడ్ రేడియో స్టూడియో మాకు మూడంటే మూడు గంటలిచ్చింది.

"అక్కడ తాళం తప్పిందో, మియోద్రాగ్, నీ స్టూలు మా బావమరిదిది," అన్నాడు రదోమిర్ నాతో.

"రోజూ చేయి జారేవాణ్ణి ఏమీ అనవేం?"

"వాడి యాంప్లిఫయరు నువ్వు తెస్తావా?"

రదోమిర్ కాఫీకి దిగిపోయాక ఒగ్న్యెన్ నన్ను ఆపేవాడు. "నా దిక్కుమాలిన చేతి కోసం ఆ మలుపొక్కటీ నెమ్మదిగా వాయించవా, మియా?" జాలేసింది. మూడు వారాలు ఓపిగ్గా నేర్పాను. దుప్పట్ల అంచుల నుంచి నీటి చుక్కలు రాలుతుంటే, ఆ చుక్కల్ని లెక్కపెట్టినంత నెమ్మదిగా. మధ్యమధ్య విసుక్కున్నాను కూడా. "ఇంత మొద్దువేంట్రా" అంటే బుద్ధిమంతుడిలా తలూపేవాడు.

స్టూడియోలో తెల్లకోటు ఇంజనీరు ఉల్లిపాయ నములుతూ వేలెత్తాడు. టేపు తిరిగింది. మూడో చరణం వచ్చింది. ఒగ్న్యెన్ చేయి ఎప్పుడు జారుతుందా అని చూస్తున్నాను. జారలేదు. నా చేతులు వాటంతటవే మలుపు తిరిగాయి. పాట దాటేసింది.

దాటాక గాని తెలియలేదు, ఆ పాట ఎలా ముగించాలో మాలో ఎవరికీ తెలియదని. ఏడు నెలల్లో ఒక్కసారీ అక్కడికి పోలేదు మరి. రదోమిర్ పల్లవిని నాలుగుసార్లు పాడి, అయిదోసారి మాటలు మింగి, ఆరోసారి గిటారు వదిలేశాడు. నేనూ ఒగ్న్యెన్ ఊరు దాటిపోయిన బండిలా వెళుతూనే ఉన్నాం. ఇంజనీరు రెండో ఉల్లిపాయ తీసుకుంటూ టేపు ఆపాడు. అదే రికార్డుగా వచ్చింది. "తెగువ గల ముగింపు" అని పత్రికలో రాశారు.

రికార్డింగయిన ఆ మధ్యాహ్నమే, జున్ను పెట్టి కాల్చే బురెక్ రొట్టెల దుకాణంలో, బల్లకి అటువైపు రదోమిర్ గోడకానుకుని కునుకు తీస్తుంటే ఒగ్న్యెన్‌ని అడిగాను. "ఇన్నాళ్ళూ జారిన చేయి ఇవాళెందుకు జారలేదు?"

"ఇవాళ నీ కుడి భుజం లేవలేదుగా," అన్నాడు ఒగ్న్యెన్, బురెక్ తుంచుకుంటూ. "నువ్వు తాళం తప్పే ముందు అది చెవిదాకా లేస్తుంది. ఏడు నెలల నుంచి చూస్తున్నా. ఆ దుప్పట్ల వెనక నుంచి రదోమిర్‌కి కనపడదు."

నా మోచేయి తగిలి గ్లాసులో పెరుగు బల్లంతా పరుచుకుని రదోమిర్ కొత్త ప్యాంటు మీదకి కారింది.

"ఎవడ్రా అది?" అని లేచాడు రదోమిర్.

ఒగ్న్యెన్ చెయ్యెత్తాడు. "చేయి జారింది," అన్నాడు. దుకాణదారు వైపు తిరిగి, "ఇంకో గ్లాసు."