అత్తమ్మ కడిగిన గది

నిన్న మా కోడలు కొల్లూరు నుంచి వస్తూ పుట్టగొడుగుల డబ్బా ఒకటి తెచ్చి, వాటిని తాగే నీళ్ళ క్యానులోంచి నీళ్ళు వంచుకుని కడుగుతుంటే, నాకు ఎన్నో ఏళ్ళనాటి కోపం తన్నుకొచ్చింది. ఆ పిల్ల మీద కాదు, తను చేసింది సబబే.

తొంభైలలో, పటాన్‌చెరు దగ్గర మా ఊళ్ళో, మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీవాళ్ళే ఆడవాళ్ళకు ఉపాధి అంటూ వరిగడ్డి మీద పుట్టగొడుగులు పెంచడం నేర్పించారు. బర్రెలు తినగా మిగిలిన గడ్డిని కత్తిరించి, బావినీళ్ళలో నానబెట్టి, గుండిగలో ఉడికించి, తడి ఆరనిచ్చి, విత్తనం చల్లుకుంటూ ప్లాస్టిక్ సంచుల్లో కూరి చీకటిగదిలో వేలాడదీసేవాళ్ళం. వానలకు పొలంగట్ల మీద మొలిచినవి ఏరుకోవడమే తప్ప, ఇంట్లో పండించవచ్చని మేమెరుగుదుమా! గడ్డి నిండా తెల్లటి నూలులాంటిది అల్లుకుని, సంచి చిల్లుల్లోంచి మొదటి గుత్తి బయటికొచ్చిన రోజున మా అత్తమ్మ ఆ గదిని పురిటిగదిలా చూసుకోవడం మొదలుపెట్టింది. కాళ్ళు కడుక్కోకుండా ఎవరినీ గడప తొక్కనిచ్చేది కాదు, చుట్ట వాసన తగులుతుందని మామయ్యనైతే ఆ దరిదాపులకే రానిచ్చేది కాదు. పొలం మామయ్యది, బర్రెలు మామయ్యవి, ఆ గదొక్కటే ఆమెది.

కొన్నాళ్ళు బాగానే సాగింది. తరువాత సంచులు తెల్లబడటం మాని నల్లగా కుళ్ళసాగాయి. మాకు పని నేర్పిన ఫ్యాక్టరీ ఆఫీసరు వచ్చాడు. బూట్లు విప్పకుండానే లోపలికి నడిచి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, మీకు శుభ్రత లేదమ్మా అని చెప్పి పోయాడు. బూట్లతో వచ్చి చెప్పాడు ఆ మాట! అత్తమ్మ సిగ్గుతో చితికిపోయింది. నేలా, గోడలూ, గుండిగా, చివరికి గడ్డిని కూడా మళ్ళీ మళ్ళీ బావినీళ్ళతో కడిగేది. కడిగినకొద్దీ కుళ్ళు ఎక్కువైంది.

"నా చెయ్యే మంచిది గాదేమో బిడ్డా" అనేది నాతో.

ఆమె జ్వరంతో పడుకున్న రోజుల్లో ముసురు పట్టింది. బావిదాకా పోలేక నేను రేకుల మీంచి జారే వాననీళ్ళు పట్టి గడ్డి నానబెట్టాను. ఆ సంచులన్నీ తెల్లగా అల్లుకున్నాయి. అప్పటికిగాని మాకు వెలగలేదు. ఫ్యాక్టరీ వెనక వాగులోకి వదిలే నీళ్ళే మా బావిలోకి ఊరుతున్నాయి. పైకి తేటగానే కనిపించేవి మరి. ఉడికిస్తే పురుగు చస్తుంది గానీ, అందులో కలిసిన మందు చస్తుందా?

రెండు రకాల సంచులూ పట్టుకుని ఇద్దరం ఆఫీసరు దగ్గరికి పోయాం. "జెర సూడుండ్రి సారూ, బాయి నీళ్ళతోటి గిట్లయింది, వాన నీళ్ళతోటి గట్లయింది" అంది అత్తమ్మ. ఆయన సంచుల వంక చూసి, నింపాదిగా, "ఇంతకీ మీ అబ్బాయిది ఏ షిఫ్టమ్మా?" అని అడిగాడు.

కొడుకు ఉద్యోగం ఎక్కడ పోతుందోనని అత్తమ్మ ఆ సంచులతోనే ఇంటికి తిరిగొచ్చి, దూలానికి వేలాడే సంచుల తాళ్ళన్నీ తనే కోసేసి, ఆ గదిలో పిడకలు పేర్చింది.

ఇప్పుడు ఆ బావిని పూడ్చి కిరాయి గదులు కట్టారు. ఊరంతా క్యాను నీళ్ళే కొంటోంది, ఎందుకు కొంటున్నామని అడిగేవాళ్ళు లేరు. నీళ్ళు చెడ్డవని అందరూ ఒప్పుకున్నట్టే కదా, మరి అత్తమ్మ శుభ్రమైన మనిషని ఒప్పుకోవడానికి ఒక్కరైనా రాలేదేం? అంతా తెలిసి కూడా ఆమె, పోయేదాకా, ఎవరికి అన్నం పెట్టినా ముందు తన రెండు చేతులూ చాపి చూపించేది.

"కడుక్కున్న బిడ్డా, తినుండ్రి" అనేది.