అల్లుడు బానెట్ ఎత్తకూడదు

నూకాలమ్మ తల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఆ తల్లి పేరున ఇంతకుముందు నేను వేసిన ఒట్లు ఈ లెక్కలోకి రావు. అవి కుర్రతనంలో, అవసరం కొద్దీ వేసినవి. ఇప్పుడు నాకు యాభై దాటాయి, షుగరు కూడా ఉంది. అబద్ధాలకు ఓపికెక్కడిది?

మా ఆవిడ రోలుగుంట దగ్గర ఒక స్కూల్లో టీచరు. అనకాపల్లి నుంచి రోజూ బస్సు, అది దిగాక షేర్ ఆటో. మోకాలు అరిగిపోయిందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ ఆవిడకు బస్సు మెట్టెక్కడం కొండెక్కడంతో సమానమైంది. ట్రాన్స్‌ఫర్ రాదు, ఉద్యోగం మానదు. చివరికి డ్రైవింగ్ నేర్చుకుని, సెకండ్ హ్యాండ్‌దైనా సరే ఒక చిన్న కారు కావాలంది. స్టీరింగ్ నా చేతికివ్వడం ఆవిడకు ఇష్టం లేదు. కారణాలు ఇక్కడ అనవసరం.

కారు దొరకడం కష్టం కాలేదు. కష్టమల్లా అది దొరికిన చోటు. నక్కపల్లి అవతల పల్లెలో చెరుకూ వరీ పండించే మా చినమావయ్య, అంటే మా ఆవిడకు సొంత చిన్నాన్న, తన తెల్ల కారు అమ్మేస్తానని కబురు చేశాడు. మామగారు పోయాక ఆవిడకు పుట్టింటి మనిషంటే ఆయనే. బయటివాళ్లకెందుకు, అమ్మాయే తీసుకుంటే బండి మనింట్లోనే ఉన్నట్టుంటుంది అన్నాడట.

బయటివాడి కారైతే నేల మీద వెల్లకిలా పడుకుని కింద చూడొచ్చు. ఇంజన్ ఆయిల్ పుల్ల తీసి వాసన చూడొచ్చు. మెకానిక్కును వెంట తెచ్చుకుని, మీటరు వెనక్కి తిప్పారా అని మొహం మీదే అడగొచ్చు. చినమావయ్య కారును అలా చూస్తే చూసింది కారును కాదు, ఆయన్నే. మా వైపు పెళ్లికూతుర్నైనా నాలుగు ప్రశ్నలడుగుతారు గానీ, మామగారి వస్తువును అల్లుడు తిరగేసి చూడడం ఎక్కడా లేదు.

బయల్దేరే ముందు మా ఆవిడ తేల్చి చెప్పేసింది.

"అంతా చూడాలి. చూసినట్టు చిన్నాన్నకి తెలీకూడదు. కారు దార్లో ఆగిపోతే నా ఉద్యోగం పోద్ది. చిన్నాన్న అలిగితే నా పుట్టిల్లు పోద్ది. ఏది పోయినా మిమ్మల్నే అడుగుతాను."

కాగితాల పని ఇంట్లో కూర్చునే అయిపోయింది. నంబరు కొడితే ఫోన్లో అన్నీ వచ్చాయి. బండి మీద ఫైనాన్స్ లేదు, ఇన్సూరెన్సు ఉంది, చినమావయ్య రెండో ఓనరు. హెల్మెట్ పెట్టుకోలేదని ఒక చలానా కూడా ఉంది. కారులో హెల్మెట్ ఏమిటని నన్నడక్కండి. నేను ఒట్టేసి ఉన్నాను.

తీరా ఇద్దరం వెళ్లేసరికి నాటుకోడి కూర, గారెలు. అల్లుడు వచ్చాడని నా కోసం వేరే ఫ్యాను. వద్దంటున్నకొద్దీ వడ్డించారు, వడ్డించినకొద్దీ తిన్నాను. చెయ్యి కడుక్కుని, ఏదో గాలి కోసం వెళుతున్నట్టు కారు దగ్గరికి నడిచాను. కడిగి, తుడిచి, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి ఉంచారు. పెయింటులో నా మొహం కనబడింది. ఆ మొహంలో అనుమానం కూడా కనబడుతోంది కాబట్టి తల తిప్పేసుకున్నాను.

డ్రైవరు సీట్లో కూర్చున్నాను. మీటరు చూస్తే నిన్నగాక మొన్న షోరూంలోంచి వచ్చినట్టుంది. బ్రేకు పెడల్ మీద రబ్బరు చూస్తే రుబ్బురోలు పొత్రంలా నున్నగా అరిగిపోయింది. ఈ రెండూ ఒకే బండివి కావడానికి వీల్లేదు. లోపల అగరొత్తుల వాసన గుప్పుమంటోంది. దాని అడుగున ఇంకో వాసన ఉంది. బెల్లం మార్కెట్ ఊళ్లో పుట్టినవాడికి తడిసి ఆరిన గోనెసంచి వాసన ఎవరూ నేర్పక్కర్లేదు.

కార్పెట్టు ఎత్తితే బండి నీళ్లలో మునిగిందో లేదో తేలిపోతుంది. కానీ చినమావయ్య బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"ఏటి అల్లుడుగోరూ, ఆలోసిత్తన్నారు? లోనికి రండి, ఎండగుంది. కారెక్కడికి పోతాది?"

అప్పుడు చేశాను ఆ పని. "పాము" అన్నాను. అరవలేదు, మామూలుగానే అన్నాను. నల్లగా, సన్నగా, ముందు చక్రం పక్కనుంచి ఇంజన్లోకి దూరిందని చెప్పాను.

చెరుకు తోటల మధ్య బతికే ఊళ్లో ఆ మాటకు సాక్ష్యం అడగరు. కర్రలు వచ్చాయి, కర్రల వెనక మనుషులు వచ్చారు. ఎదురింటాయన తోకను తానూ చూశానన్నాడు. లుంగీ కట్టుకున్న ఇంకొకాయన పడగ చూశాడు. ఒక ముసలమ్మ అది జంటనీ, రెండోది డిక్కీలో ఉంటుందనీ చెప్పింది. ఈ ఊళ్లో నన్ను మించినవాళ్లు ఇంతమంది ఉన్నారా అని కొంచెం అసూయ కలిగింది.

బానెట్ చినమావయ్యే స్వయంగా ఎత్తాడు. అక్కడ పాము లేకపోయేసరికి మ్యాట్లు తీశారు, స్పానరు తెచ్చి సీట్లు ఊడదీశారు, డిక్కీలోంచి స్పేర్ టైరు లాగేశారు. సన్న పాములు సీటు బెల్టు చుట్టలోనే పడుకుంటాయని చెప్పాను. అది కూడా చివరిదాకా లాగారు. చివర జానెడు మేర గోధుమరంగు చార, నీళ్లు నిలిచిన గోడకు ఉన్నట్టు. కార్పెట్టు కింద ఎండి పొడైపోయిన ఒండ్రు. స్పేర్ టైరు గుంటలో నత్తగుల్లలు. పాము దొరకలేదు గానీ ఒక చిన్న చెరువు దొరికింది.

జనం పాము సంగతి మర్చిపోయి నత్తగుల్లల వైపు చూశారు. చినమావయ్య వాళ్లందర్నీ పంపించేసి, ఊడదీసిన సీటు మీదే కూలబడ్డాడు. నేల చూస్తూ చెప్పాడు. ఆ కారు ఆయనకు పాయకరావుపేటలో ఉన్న వియ్యంకుడు అమ్మినది. వియ్యంకుడి ఇల్లు ఏటి గట్టున.

"కోడిని కోసి బోయినం ఎట్టేడు. తినేసి, సెయ్యి కడుక్కుని, బానెట్ ఎత్తండి బావగోరూ అని ఎలాగడుగుతానమ్మా? మన పిల్ల ఆళ్లింట్లో ఉంది."

వానొస్తే బండి ఆగిపోతోందట. ఎందుకు ఆగుతోందో మాత్రం ఆయన ఇన్నాళ్లూ విప్పి చూడలేదు. చూస్తే వియ్యంకుణ్ణి అనుమానించినట్టవుతుంది కదా.

మా ఆవిడ మోకాలు పట్టుకుని మెల్లగా ఆయన పక్కన కూర్చుంది.

"వానలో ఆగిపోద్దని నాకు చెప్పవా చిన్నాన్నా?"

"అడుగుతావనుకున్నాను. అడిగితే సెప్పేద్దామనే ఉన్నాను. మీరు కోడి తినేసి ఊరుకున్నారు."

ఆవిడకు కోపం వచ్చిందో నవ్వొచ్చిందో నాకు తెలియలేదు. ఆవిడకూ తెలిసినట్టు లేదు. కొంగుతో ఆయన చేతికంటిన ఒండ్రు తుడిచింది.

మేం బయల్దేరుతుంటే ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"పాముని మాత్రం అలాగే ఉంచండి అల్లుడుగోరూ. పాము దూరిన బండి ఇంట్లో ఉండకూడదని ఇయ్యంకుడికి తిప్పి పంపేత్తాను. పాము మీదైతే ఎవుడికీ కోపం రాదు."

అలాగే పంపాడు. వియ్యంకుడు వెంటనే వెనక్కి తీసుకున్నాడట. పైగా, బండి తన ఇంట్లో ఉండగా కూడా ఆ పాము ఒకట్రెండుసార్లు కనబడిందన్నాడట.

తర్వాత అనకాపల్లిలోనే, మాకు ఏమీ కాని మనిషి దగ్గర ఒక కారు చూశాం. ఆయన పాపం టీ తెప్పించబోయాడు. బానెట్ ఎత్తేదాకా మంచినీళ్లు కూడా ముట్టుకోనంది మా ఆవిడ. మెకానిక్ పైన చూశాడు, నేను కింద పడుకుని చూశాను, ఆవిడ సీటు బెల్టులన్నీ లాగింది. ఇప్పుడు రోజూ రోలుగుంట వైపు తనే నడుపుకుంటూ వెళుతుంది. చినమావయ్య ఫోన్ చేసినప్పుడల్లా బండి ఎలా ఉందని అడుగుతాడు, అడగాల్సినవన్నీ అడుగుతాడు.

ఇక ఒట్టు సంగతి. తల్లి క్షమించాలి, ఒక్కచోట కల్పించాను. "పాము" అన్నది నేను కాదు, మా ఆవిడ. సీటు బెల్టు లాగమన్నదీ ఆవిడే. ఆవిడ పాము అన్నప్పుడు డ్రైవరు సీట్లో ఉన్న నేను తలుపు తెరిచే తీరిక లేక కిటికీలోంచి బయటపడి, చినమావయ్య గారి అరుగు మీదున్న బల్లెక్కి నిలబడ్డాను. పాముని అలాగే ఉంచమని చినమావయ్య అన్నప్పుడు కూడా, దాన్ని చంపొద్దంటున్నాడనే అనుకున్నాను. పాము లేదని నాకు తెలిసింది తిరుగు బస్సులో, నక్కపల్లి దాటాక.