ఉపవాసం చెడని పానీయం

నేను నెల్లూరు వెళ్ళే దారిలో ఉన్న ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తాను. రొయ్యల రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో పట్టుకొస్తారు. ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా, నీళ్ళలో కలిసిన ఆక్సిజన్ చూసి కాగితం మీద రాసిస్తాం. ప్రతి అంకె పక్కనా దాని హద్దు అచ్చు వేసి ఉంటుంది. హద్దు దాటితే ఎర్ర సిరాతో గుండ్రం చుడతాను. రైతు ఆ గుండ్రం చూసి ఏం చెయ్యాలో అడుగుతాడు, నేను చెబుతాను, ఆయన వెళ్ళి చేస్తాడు. ఈ పని నాకు నచ్చడానికి కారణం ఆ హద్దులే.

మా అన్న విషయంలో అలాంటి అంకె ఒక్కటి దొరికి ఉంటే ఈ మాటలు రాసేవాణ్ణి కాదు.

అన్నకు విడవలూరు మండలంలో సముద్రం వైపు కౌలు చెరువులున్నాయి. రొయ్యకు తెల్లవారేముందు గాలి అందదు. ఆ సమయానికి కరెంటు పోయి, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయి, జనరేటరు వేసే మనిషి నిద్రపోతే పొద్దునకు చచ్చిన రొయ్య చెరువంతా తేలుతుంది. అందుకని అన్న పంట కాలంలో నిద్రపోడు. పగలు ఒక కునుకు, సాయంత్రం ఒక కునుకు. మొదట్లో టీ తాగేవాడు. టీ పనిచెయ్యడం మానేశాక హైవే మీది కొట్టులో ఎనర్జీ డ్రింకు డబ్బాలు పట్టుకున్నాడు. గట్టు మీది షెడ్డులో మేత బస్తాల పక్కన ఐసుపెట్టె ఉంటుంది. శాంపిల్ రొయ్యలు పెట్టడానికి కొన్నది. ఇప్పుడు అందులో సగం రొయ్యలు, సగం డబ్బాలు.

తర్వాత రక్తంలో చక్కెర కొంచెం పైకి వచ్చింది. ఇంకా జబ్బు కాదు, కానీ ఆ దారిలోనే ఉన్నావు, తీపి తగ్గించు అన్నారు డాక్టరు గారు. వదిన ఆ రోజే ఇంట్లో చక్కెర డబ్బా పైఅరలోకి ఎక్కించి, టీలో వేసే తీపిమాత్రలు తెచ్చింది. అన్న కూడా మారాడు. చక్కెర లేని రకం డబ్బాలకు మారాడు. వాటి మీద పెద్ద సున్నా ఉంటుంది.

"చూడరా, సున్నా," అని నాకు చూపించాడు. "ఇంక ఎన్నయినా తాగొచ్చు."

"చక్కెర సున్నా అన్నా. కెఫీన్ సున్నా కాదు."

"కెఫీన్ కోసరమే గదరా తాగేది!"



అంతవరకూ ఇది ఈ తీరంలో చాలామంది ఇళ్ళలో ఉన్న సంగతే. దానికి ఉపవాసం వచ్చి కలిసింది.

అంతకుముందు ఏడాది అన్న చెరువులకు తెల్లమచ్చల రోగం వచ్చింది. రోగం వచ్చిన వారమే అన్న చర్చిలో అందరి ముందూ మోకాళ్ళ మీద నిలబడి మొక్కుకున్నాడు. తర్వాతి పంట నిలబడితే, వచ్చే ఈస్టర్ ముందటి శ్రమకాలంలో నలభై రోజులూ పగటి ఉపవాసం ఉంటానని. పంట నిలబడింది. శ్రమకాలం వచ్చేసరికి మళ్ళీ చెరువుల నిండా ఎదిగే రొయ్య ఉంది. ఎండలు ముదురుతున్నాయి.

మా చర్చిలో ఉపవాసానికి పెద్దలు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పొద్దు మునిగేదాకా ఆహారం ముట్టకూడదు, నీళ్ళు తాగొచ్చు. నిమ్మకాయ నీళ్ళల్లో ఉప్పు వేసుకుంటే అది నీళ్ళ కిందే లెక్క. చక్కెర వేసుకుంటే ఆహారం, ఉపవాసం చెడినట్టే. చిన్నప్పటినుంచీ ఇది వింటూ పెరిగాం. అన్న ఈ కట్టుబాటును డబ్బా పక్కన పెట్టి చూసుకున్నాడు. ఇందులో చక్కెర లేదు. కాబట్టి ఇది నీళ్ళు.

మొదటి వారంలో ఒక మధ్యాహ్నం నీళ్ళ సీసాల కోసం చెరువు దగ్గరికి వెళితే, షెడ్డు నీడలో కూర్చుని డబ్బా తెరుస్తున్నాడు.

"ఉపవాసం కదన్నా?"

"అవును. అందుకే ఇది తాగతా ఉండా."

"పొద్దుననుంచీ కడుపులో ఏం లేదు. ఖాళీ కడుపు మీద ఇది..."

"దీంట్లోనూ ఏం లేదు గదరా. సున్నా అని వాళ్ళే అచ్చేసినారు. నువ్వు చదివినోడివి, చదువు." డబ్బా నా చేతికిచ్చాడు.

చదివాను. కెఫీన్, టారిన్, రెండు రకాల కృత్రిమ తీపి, రంగు, నిలవ ఉంచే మందు. కింద చీమతల కన్నా చిన్న అక్షరాల్లో, పిల్లలకూ గర్భిణులకూ కెఫీన్ పడనివాళ్ళకూ తగదని, రోజుకు ఇంతకు మించి తాగవద్దని. ఆ చివరి మాట పైకి చదివి వినిపించాను.

"అది మామూలు మనుషులకు," అన్నాడు అన్న. "వాళ్ళు రాత్రిళ్ళు నిద్రపోతారు."

మూడో వారంలో వదిన ఫోన్ చేసింది. "అబ్బాయ్, మీ అన్న విసురువల వెయ్యలేక కింద కూచున్నాడంట. చేతులు వణకతా ఉండాయి. నాతో చెప్పలా, పక్క చెరువాయన చెప్పినాడు. నువ్వొచ్చి తీసకపో, నేను చెప్తే వినే మనిషా!"

బండి మీద నెల్లూరు తీసుకెళ్ళాను. దారిలో అడిగితే అప్పుడు చెప్పాడు. "గుండెలో వలలో పడిన చేప మాదిరి కొట్టకుంటాదిరా. కాసేపు ఆగతాది. మళ్ళీ ఒక్క పోటు పొడస్తాది. అంతే. పోతాది."

"ఎన్నాళ్ళనుంచి?"

"బండి చూసి నడుపు."

ఈసీజీ తీశారు. మామూలుగా ఉంది. నేను చూసిన కాగితాలన్నిట్లో అంత భయపెట్టిన మంచి కాగితం ఇంకొకటి లేదు. అన్న దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, పరీక్ష పాసైన పిల్లవాడిలా.

డాక్టరు గారు మాత్రం దాన్ని నమ్మలేదు. ఆ తీసిన కాసేపట్లో గుండె సరిగానే కొట్టుకుని ఉండొచ్చు అన్నారు. రోజంతా ఛాతీకి అంటించుకునే యంత్రం పెట్టుకుంటే సంగతి తెలుస్తుందన్నారు. డబ్బాలు ఆపమన్నారు, తిండి తినమన్నారు, నిద్రపొమ్మన్నారు. కృత్రిమ తీపి గురించి నేను అడిగాను. దాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి, చక్కెర మానడానికి కొన్నాళ్ళు పనికొస్తుందేమో కానీ మంచినీళ్ళలా తాగేది కాదు, మీ అన్నకు ఇప్పుడు తొందర తీపి గురించి కాదు, కెఫీన్ గురించి, నిద్ర గురించి అన్నారు. రోజుకు ఎంతైతే ఈయనకు ప్రమాదమని అడిగాను. ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుందన్నారు. నిజమే చెప్పారు. నాకు కావలసింది ఆ నిజం కాదు.

అన్న యంత్రం గురించి ఒక్కటే అడిగాడు. "సార్, దాంతో చెరువులో దిగొచ్చా?"

"తడవకూడదు."

"అయితే రొయ్యల పట్టుబడి అయినాక పెట్టకుంటా సార్."

తిరిగి వస్తూ నేను మనసులో వరస పెట్టుకున్నాను. రాత్రి కాపలా, ఉపవాసం, ఎండ, డబ్బాలు. వీటిలో ఏదో ఒకటి తీసేస్తే మిగతావి తట్టుకుంటాడు. కాపలా తీసెయ్యలేం, జీతానికి పెట్టిన మనిషి నిద్రపోయిన ఏడాది ఏమైందో చూశాం. ఎండ మన చేతిలో లేదు. మిగిలినవి రెండు. డబ్బా మానితే మిగతా ఏదీ నిలబడదని అన్న నమ్మకం. ఆలోచిస్తే అదీ అబద్ధం కాదు.

ఇక ఉపవాసం. వదినా నేనూ పాస్టరు అయ్యగారింటికి వెళ్ళాం. వదిన సూటిగా అడిగింది. "అయ్యగారూ, ఆ డబ్బా తాగితే ఉపవాసం చెడినట్టేనని మీరొక మాట చెప్పండి. మీరు చెప్తే మానేస్తాడు."

 అయ్యగారికీ చక్కెర జబ్బే. ఆయన ముందున్న పాలు లేని టీలో వాళ్ళావిడ అప్పుడే తీపిమాత్ర వేసి వెళ్ళింది. దానికేసి చూసి, "నేను ఉపవాసంలో ఇది తాగుతానే తల్లీ," అన్నారు. "నాకొక న్యాయం, అతనికొకటి ఎట్టా చెప్పేది? ఇంకో పని చేస్తా. ఒంట్లో బాగాలేనోడికి ఉపవాసం అక్కర్లేదని చెప్తా. అది నిజం గూడా."

మాట ప్రకారం మర్నాడు ఆ వయసులో గట్టు మీద నడుచుకుంటూ వచ్చారు, వెనక వదినా నేనూ. అన్న చెప్పులు విప్పి నిలబడ్డాడు. అయ్యగారు చెప్పినదంతా తల వంచుకుని విన్నాడు.

"దేవుడు నీ ప్రాణం అడగలా నాయనా. రేపటినుంచి తిను. మొక్కు తీరినట్టే. నేను చెప్తా ఉండా."

"అయ్యగారూ, మొక్కుకున్నది మీ ముందరే. దేవుడికి గదా, మీకు కాదు," అన్నాడు అన్న. గొంతులో మొండితనం లేదు. "పోయిన పంట నిలబెట్టినాడు. ఇప్పుడీ చెరువుల్లో బతికుండే రొయ్య ఉండాది. మధ్యలో ఆపితే... ఏమో అయ్యగారూ, నాకు భయం."

అయ్యగారు చెరువు మీద ప్రార్థన చేసి వెళ్ళారు. వదిన నా పక్కకొచ్చి, "రొయ్యలకు ప్రార్థన చేసినారు సరే. ఈయనకు చేసినారా లేదా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం.

ఆ తర్వాత నేను చేయగలిగినవి చిన్న చిన్న పనులు. ల్యాబు నుంచి వస్తూ కొబ్బరిబోండాలు తెచ్చేవాణ్ణి. అవి తియ్యగా ఉంటాయి కాబట్టి పొద్దు మునిగాక తాగేవాడు. వారానికి ఒకటి రెండు రాత్రులు నేనే కాపలా ఉంటానన్నాను. ఉన్నాను కూడా. అన్న పడుకోకుండా నా పక్కనే కూర్చున్నాడు. ఐసుపెట్టెలోంచి డబ్బాలు తీసేస్తే కొట్టు నుంచి కొత్తవి వచ్చాయి. వదిన దెబ్బలాడింది, మాట్లాడడం మానింది, మళ్ళీ మాట్లాడింది. అన్న చెరువు నీళ్ళ కాగితాల్లో ఒక్క ఎర్ర గుండ్రం కూడా రాలేదు. ఆ నెలలో మా ల్యాబుకు వచ్చిన నీళ్ళల్లో అన్నవే బాగున్నాయి.

శుభశుక్రవారం నాడు మధ్యాహ్నం ఆరాధన పొడుగ్గా సాగుతుంది. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మగవాళ్ళ వైపు చివరి వరసలో అన్న పక్కన కూర్చున్నాను. తెల్లచొక్కా వదులైపోయింది. మెడ దగ్గర నరం కనబడుతోంది. నాలుగో మాట తర్వాత అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడు నేను అన్న మణికట్టు మీద వేళ్ళు ఆనించాను.

నాడి లెక్కపెడదామనుకున్నాను. మొదట వరసగా వచ్చాయి, తొందరగా. తర్వాత ఆగింది. నా వేళ్ళ కింద ఏమీ లేదు. సరిగా పట్టుకోలేదేమోనని కొంచెం నొక్కాను. అప్పుడు ఒకటి గట్టిగా తన్నింది. మళ్ళీ వరస. మళ్ళీ ఆగింది. లెక్క తప్పింది. రెండోసారి మొదలుపెట్టాను, మళ్ళీ తప్పింది. ఆ తర్వాత లెక్క వదిలేసి ఆగినప్పుడల్లా తర్వాతది వస్తుందా అని మాత్రం కాచుకున్నాను.

నేను ప్రార్థనలో చెయ్యి పట్టుకున్నాననుకున్నాడు అన్న. తన చెయ్యి తిప్పి నా వేళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. అంతటితో నాడి ఆ కాస్త తెలియడమూ పోయింది.

ఆరాధన అయ్యాక ఎండలోకి వచ్చాం.

"ఏందిరా, ఎప్పుడూ లేంది అంతసేపు ప్రార్థన చేసినావు? ఎవురికోసరం?"

"నీ కోసమే."

"నాకేమయిందిరా! ఎల్లుండి ఈస్టర్. నాలుగు ముద్దలు మటన్ కూర తింటే అంతా సర్దుకుంటాది."

"డబ్బాలు?"

"పట్టుబడి దాకా ఏమనబాక."

బండికి తగిలించిన సంచిలోంచి డబ్బా తీశాడు. తెరిచాడు, వేపచెట్టు కింద నిలబడి సగం తాగాడు. నా ముఖం చూసి ఏమనుకున్నాడో, మిగతా సగం నా ముందుకు చాపాడు.

"ఎండగా ఉండాది. తాగు. ఏం లేదు దీంట్లో."

తీసుకున్నాను. ఆ సగం అన్న లోపలికి పోకుండా ఆపడానికి ఆ నిమిషంలో నాకు తోచిన దారి ఒక్కటే. నిలబడి మొత్తం తాగేశాను. నాలుక మీద తీపి చాలాసేపు పోలేదు.

"దాహం బాగానే ఉండాదే," అని నవ్వి, అన్న సంచిలో చెయ్యిపెట్టి ఇంకొకటి తీశాడు.